నీరు దించని పడవ

కోరంగి మడ అడవిలో వెంకటదుర్గ పడవ నడుపుతుంది. పొద్దున్నే జెట్టీకి వచ్చి ఇంజన్లో డీజిలు పోసి, మంచుకు తడిసిన బల్లలు తుడిచి, లైఫ్ జాకెట్లు దులిపి పెడుతుంది. పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు కాకినాడ నుంచి తొలి బస్సుకే దిగుతారు. వాళ్లని పాయల వెంట తిప్పి, ఏడున్నరకల్లా మూడో మలుపులోకి తీసుకెళ్తుంది. ఆ వేళకి అక్కడ నీరు పైకి లేస్తుంది. ఆ మలుపు మేరకే, పాలు పొంగినట్టు, చెట్ల కొసలదాకా లేస్తుంది. దానితోపాటు పడవా లేస్తుంది. అరగంట సేపు నారాయణపక్షుల గూళ్లు, వాటిలో గుడ్లు, నోళ్లు తెరిచిన పిల్లలు అన్నీ కాళ్ల కిందే కనిపిస్తాయి. తర్వాత నీరు దిగుతుంది, పడవ దిగుతుంది. మళ్లీ మధ్యాహ్నం మూడింటికి లేస్తుంది. టికెట్ల కౌంటరు దగ్గర బోర్డు మీద ఆ రెండు టైములూ రాసుంటాయి. వానాకాలంలో పావుగంట అటూ ఇటూ అవుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

విజయ్ పాల్ గారు లెక్కల మాస్టారుగా చేసి కాకినాడలో రిటైరయ్యారు. ఆరు నెలలుగా ప్రతి బుధవారం, జనం తక్కువుండే రోజని, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని వస్తున్నారు. పడవలో ముందు బల్ల మీద, దుర్గ వైపు వీపు పెట్టి కూర్చుంటారు. చూసిన పిట్టల పేర్లు నోటుబుక్కులో రాసుకుంటారు. ఆయన పోల్చుకోలేనివి దుర్గే చెబుతుంది.

"నల్లటోపీ లకుముకిపిట్టండి, ఆ తిల్లచెట్టు కొమ్మ మీద."

"థాంక్సమ్మా."

అంతకుమించి మాటలుండేవి కావు. కాకపోతే పడవ దిగాక ఆయన ఏదో చెప్పాలన్నట్టు జెట్టీ మీద కాసేపు నిలబడేవారు. తర్వాత బస్సుకి వెళ్లిపోయేవారు.

జనవరిలో ఒక బుధవారం ఆయనొక్కరే వచ్చారు. కౌంటర్లో ఉండే సురేష్‌బాబు టికెట్టు చింపి ఇస్తూ దుర్గతో అన్నాడు: "గైడు పోస్టులకి నోటీసొచ్చిందండి దుర్గగారూ. ఈ అడవి గురించి మీకంటే తెలిసినవాళ్లెవరున్నారు? కానీ టెన్త్ పాసై ఉండాలంట."

"నాకు టెన్త్ లేదు కదండీ," అని దుర్గ గెడకర్ర అందుకుంది.

ఆ పూట మూడో మలుపులో నీరు లేచినా మాస్టారు బైనాక్యులర్స్ ఎత్తలేదు. అరగంట గడిచింది. నీరు దిగడం మొదలుపెట్టింది. పడవ మాత్రం దిగలేదు. ఒక పెద్ద నల్లమడ చెట్టు కొమ్మల మధ్య దాన్ని పదిలంగా కూర్చోబెట్టి, నీరు తన దారిన తను దిగిపోయింది. దుర్గ గెడకర్ర దించి చూసింది. గాలి తప్ప ఏమీ తగల్లేదు. సురేష్‌బాబుకి ఫోన్ చేసింది.

"పైనే ఉండిపోయామండి."

"అలాగా. మూడింటికి దిగుతార్లెండి. టిఫినుందా?"

"ఉందండి."

ఆమె టిఫిన్ డబ్బా తెరిచి, మూతలో రెండిడ్లీలు పెట్టి ఆయన ముందుంచింది. ఆయన ముట్టుకోలేదు. ఆరు నెలల్లో మొదటిసారి ఆమె వైపు తిరిగి కూర్చున్నారు.

"దుర్గమ్మా, నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండి. మొదటి రోజే గుర్తుపట్టాను. టెన్త్ పరీక్షల్లో మా రూముకి మీరే కదండీ ఇన్విజిలేటరు. నీలం చొక్కా వేసుకున్నారు."

ఆయన బైనాక్యులర్స్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఇరవై రెండేళ్ల కిందట, లెక్కల పరీక్ష రోజు, వెనక బెంచీలో అబ్బాయి కోసం బయటినుంచి ఎవరో కిటికీలోంచి చీటీ విసిరారు. అది గురి తప్పి దుర్గ బెంచీ కింద పడింది. అదే నిమిషంలో కాపీలు పట్టుకునే స్క్వాడ్ వాళ్లు లోపలికొచ్చి, చీటీ దుర్గదేనన్నారు.

"అది కిటికీలోంచి రావడం నేను చూశానమ్మా. వాళ్లు నన్నడిగారు. తెలీదన్నాను. ఆ అబ్బాయి తండ్రి చెబితేనే నాకు కాకినాడ ట్రాన్స్‌ఫరయ్యేది. మా ఆవిడ రూబీకి అప్పుడు నెలలు నిండాయి, ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలనుకున్నాను."

దుర్గ ఆయన మొహంలోకి చూసింది.

"మీరు చూశారా?"

"చూశాను."

"చూళ్లేదనుకున్నానండి. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. పాపం ఆయన చూసుంటే చెప్పేవారే కదా అనుకున్నాను."

"ప్రతి ఆదివారం చర్చిలో దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను..."

"పరీక్ష రాసింది దేవుడు కాదు కదండీ."

ఆ తర్వాత రెండు గంటలకి పైగా ఎవరూ మాట్లాడలేదు. పడవ దిగి వెళ్లిపోదామంటే ఇద్దరికీ దారి లేదు. దుర్గ పడవ చివర ఇంజను మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మాస్టారు తల దించుకున్నారు. కింద బురదలో పీతలు తిరుగుతున్నాయి. పక్క గూట్లో నారాయణపక్షి ఒకటి రెండుసార్లు వెళ్లి పిల్లలకి చేపలు తెచ్చిపెట్టింది.

పదకొండు దాటాక దుర్గే నోరు విప్పింది.

"మిమ్మల్ని క్షమించడం నా వల్లవుతుందో లేదో నాకు తెలీదండి. మూడింటిదాకా మాత్రం టైముంది. ఆ రోజు నేను ఒక లెక్క సగంలో ఉండగా పేపరు లాక్కున్నారు. చెట్టు ఎత్తు కనుక్కునే లెక్క. అదెలా చేస్తారో చెప్పండి."

మాస్టారు నోటుబుక్కు తిరగేశారు. పిట్టల పేర్లు లేని చివరి పేజీ తీసి త్రిభుజం గీశారు. గీత వంకరపోయింది. కొట్టేసి మళ్లీ గీశారు.

"ఇప్పుడు మనం చెట్టు మీదున్నాం కాబట్టి పైనుంచి చూద్దాం. అదిగో, గట్టు మీద నీటికుక్క. దాన్ని చూడ్డానికి నీ చూపు ఎంత కిందికి వంగింది? దాన్ని నిమ్నకోణం అంటారు."

"మరి ఈ టాన్ అంటే ఏంటండి?"

ఆయన చెప్పారు. ఆమె చేసింది, తప్పొచ్చింది. ఇంకోలా చెప్పారు. మళ్లీ తప్పొచ్చింది. మూడోసారి సరిపోయింది. దుర్గ కాగితం వైపు చాలాసేపు చూసి, "ఇంకోటివ్వండి," అంది.

మూడయ్యేసరికి పదకొండు లెక్కలు చేసింది. నీరు లేచొచ్చి కొమ్మల మధ్యనుంచి పడవని ఎత్తుకుంది. పన్నెండో లెక్క నడుస్తోంది. ఆమె ఆఖరి అంకె వేసి కింద గీత గీసేదాకా నీరు ఆగింది. అప్పుడు దిగింది.

జెట్టీ దగ్గర మాస్టారు బస్సు వైపు కదలబోతుంటే దుర్గ, "ఇప్పుడే వెళ్లకండి. మా అమ్మకి చెప్పాలి," అంది.

తల్లి నూకరత్నం ఇంటి ముందు ఎండుచేపలు ఏరుతోంది. మాస్టారు నిలబడే అంతా చెప్పారు. ఆమె వింటూ చేతిలో చేపని తట్టలో వేయడం మర్చిపోయింది.

"ఆ రోజు దీన్ని చీపురుతో కొట్టానండి," అంది చివరికి. "కాపీ కొట్టి మా పరువు తీశావని పుస్తకాలు పొయ్యిలో పెట్టేశాను. నేను కాదమ్మా అని ఏడ్చిందండి. నమ్మలేదు."

కూతురి వైపు చూడలేకపోయింది. మాస్టారిని తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

తర్వాతి బుధవారం కూడా ఆయన వచ్చారు. ఈసారి చేతిలో పదో తరగతి పుస్తకాలున్నాయి. ముందు బల్ల మీద దుర్గ వైపు తిరిగి కూర్చున్నారు. క్షమించమని ఆయన అడగలేదు. క్షమించానని ఆమె కూడా అనలేదు. వారం వారం పాఠం మాత్రం నడిచింది. నోటీసులోని పోస్టులు ఈలోగా వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. దుర్గ మరుసటి ఏడాది ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి పాసైంది. లెక్కల్లో యాభై ఎనిమిదొచ్చాయి. ఆ వానాకాలంలో మళ్లీ పోస్టులు పడితే గైడుగా చేరింది.

ఆ ఓపెన్ స్కూల్ లెక్కల పరీక్ష రోజున నూకరత్నం ఎవరూ రమ్మనకుండానే కూతురితో కాకినాడ బస్సెక్కింది. సెంటరు గేటు ఎదురుగా మండుటెండలో కూర్చుంది. నీడలోకి రమ్మని వాచ్‌మన్ రెండుసార్లు పిలిచినా కదల్లేదు. అక్కడినుంచైతే దుర్గ పరీక్ష రాసే రెండో గది కిటికీ కనబడుతుందని చెప్పింది. మూడు గంటలూ ఆ కిటికీ మీదినుంచి చూపు తిప్పలేదు.

బెల్లు కొట్టాక దుర్గ బయటికొచ్చింది. ఎలా రాశావని నూకరత్నం అడగలేదు. కొంగుతో కూతురి మొహం తుడిచి, "ఈసారి నేను చూస్తూనే ఉన్నానే," అంది.