పులిపిరి లేని కొండప్ప

బెళుగుప్ప దగ్గరి ఆ చిన్న ఊళ్ళో సర్పంచి కుర్చీ కోసం కొండప్ప ఏళ్ళ తరబడి లొట్టలేశాడు. రెండువేల ఆరు ఎన్నికల్లో నిలబడనే నిలబడ్డాడు. ఎదురు నిలబడింది సొంత దాయాది బయ్యన్న. ఆ వంశంలో మగవాళ్ళందరికీ అవే మెలి మీసాలు, అదే తలపాగా, అదే టెక్కు. ఇద్దరికీ ఊరు గుర్తుపెట్టుకున్న తేడా ఒక్కటే. కొండప్ప కుడి బుగ్గ మీద శనగగింజంత పులిపిరి ఉంటుంది, బయ్యన్నకు ఉండదు.

కరపత్రాలు గతిలేనివాళ్ళ పని అని కొండప్ప అభిప్రాయం. ఊళ్ళో ప్రతి తలుపు మీదా తన ముఖం ఉండాలని, ఫోటో పట్టుకుని రాయదుర్గంలో వనజాక్షి స్టిక్కర్ల షాపుకు వెళ్ళాడు. జీన్సు ప్యాంట్ల లేబుళ్ళు చేసే వనజాక్షి ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించి ఓపిగ్గా చెప్పింది. ఫోటో అంటే చుక్కల కుప్ప. స్టిక్కరు కోసే మిషనుకు చుక్కలు పనికిరావు, గీతలు కావాలి. అందుకని ముఖంలో ముఖ్యమైనవే గీతలుగా మార్చుకోవాలి.

ముఖ్యమైనవేవో తేల్చే భారం కొండప్ప తన నెత్తికెత్తుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళ కింద ముడతలు తీయించాడు, వేలాడే దవడ తీయించాడు. మీసాలకు మాత్రం ఇంకో మెలి వేయించాడు. చివరికి వేలు పులిపిరి మీదికి పోయింది.

"అది తీస్తే మీరని ఎట్ల తెలుస్తాదన్నా? కింద పేరన్నా ఏయించండి," అంది వనజాక్షి.

"నా మొగం తెలీనోడు మా ఊర్లో యాడుండాడు? పేరెందుకు? తీసేయ్‌మ్మా."

పులిపిరి పోయింది. తెర మీద మిగిలిన మగాణ్ణి చూసి కొండప్ప మురిసిపోయాడు. పెళ్ళినాడు కూడా ఆయన అంత అందంగా లేడు.

పోలింగు ముందురోజు స్టిక్కర్లు తనే అంటించాడు. తన ముఖాన్ని ఇంకొకడు వంకరగా అంటిస్తే తట్టుకోలేడు పాపం. పెద్దవీధి ముగించి ముసలి బయమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి తలుపుకు ఒకటి అంటించాడు. ఆమె బొమ్మనూ ఆయననూ మార్చి మార్చి చూసింది.

"బయ్యన్న బొమ్మ నువ్వే అంటిస్తాండావే. పోటీ మానుకుంటివని పెద్దవీధోళ్ళు చెప్పినారు, నేను నమ్మలా."

అది తన బొమ్మేనని కొండప్ప చెప్పాడు.

"మరి పులిపిరి యాడుండాదప్పా?"

కొండప్ప తన బుగ్గ తడుముకున్నాడు. తెల్లారితే ఓట్లు. గీకి చూస్తే స్టిక్కరు ఊడి రాలేదు. అంగట్లో నల్ల స్కెచ్ పెన్ను కొని, పెద్దవీధి మొదటి తలుపు నుంచి ప్రతి బొమ్మ కుడి బుగ్గ మీదా చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. బయమ్మ తలుపు చేరేసరికి పొద్దు వాలింది. ఆయన చుక్క పెడుతుంటే ముసలామెకు కళ్ళు చెమర్చాయి.

"దాయాదికి దిష్టిచుక్క గూడా పెడతాండావా నాయనా," అంది. "నీ మంచి మనసు చూసన్నా మా ఇంటి ఓట్లన్నీ బయ్యన్నకే ఏస్తాంలే. దిగులుపడాకు."