ఆరిన తొట్టెలు

అక్క వైరస్‌ల మనిషి, చెల్లెలు చేపల మనిషి. ఒకే పరిశోధన కేంద్రంలో ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పనిచేసేవారు.

చెల్లెలు ఏళ్ల తరబడి మొప్పల జబ్బుకు లొంగని క్యాట్‌ఫిష్ కోసం పాటుపడింది. జన్యువులు పరీక్షించడం, జతలు కలపడం, జబ్బును తట్టుకున్న పిల్లలతో మళ్లీ మరో తరాన్ని పుట్టించడం. చివరికి తను కోరుకున్న తల్లిచేపలు నల్లగా నిగనిగలాడుతూ తొట్టెల్లో తిరిగాయి.

"మీ ఆయన్ని కూడా ఇంత మురిపెంగా చూడవు కదే!" అని అక్క ఏడిపించేది.

"ఆయనకి ఇంత అందమైన మీసాలెక్కడివి?" అనేది చెల్లెలు.

ఆ వానాకాలం పక్కనున్న కోళ్ల షెడ్లలో ఫ్లూ దిగింది. పెద్ద వానకు షెడ్ల మురుగు పొంగి చేపల తొట్టెల్లోకి వచ్చిపడింది. ఆ నీళ్లను పరీక్షించింది అక్కే. వైరస్ ఉంది. పైగా మనుషులకు సోకే వైపుగా మారుతోంది. తొట్టెలన్నీ ఖాళీ చేసి, చేపల్ని చంపి పూడ్చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

"చేపలకి ఆ జబ్బు రాదు కదక్కా!"

"రాదు. కానీ అవి ఆ నీళ్లలోనే ఉన్నాయి కదే."

"తల్లిచేపల్నైనా వేరే నీళ్లలోకి మారుస్తాను. నువ్వొక మాట చెప్పు."

"చెప్పకుండా ఉంటానా? కాళ్లావేళ్లా పడ్డాను. ఏదీ గేటు దాటకూడదన్నారు."

"పరీక్ష తప్పేమో, మళ్లీ చెయ్యి."

"చేశాను. తప్పైతే బాగుండునని దండం పెట్టుకుంటూ చేశాను."

మర్నాడు ముసుగులు తొడుక్కున్న మనుషులు వచ్చి నీళ్లు తోడేశారు. మామూలు చేపలైతే కాసేపటికి ప్రాణం వదిలేవి. ఇవి గాలి పీల్చి బతికే జాతి. తడి అడుగున ఒకదాని మీదొకటి పాకుతూ నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. మందు కలిపిన నీళ్లు పోశాకగానీ కదలిక ఆగలేదు. చెల్లెలు కంచె ఇవతల నిలబడి చూసింది. లోపలికి రానివ్వలేదు. ఆమె దగ్గర మిగిలినవి జన్యు పరీక్షల కోసం కత్తిరించి ఫ్రీజర్లో దాచిన చేప రెక్కల ముక్కలే. వాటినుంచి జన్యువులు చదవొచ్చు. చేపపిల్ల మాత్రం పుట్టదు.

కొన్నాళ్లకు నదికి అవతల అడవి బాతుల్లో అదే వైరస్ కనిపించింది. ఈసారి ఇంకాస్త మారిపోయి.

"దాని వెనక పరిగెత్తలేకపోతున్నానే," అంది అక్క ల్యాబ్ మెట్ల మీద చతికిలబడి. "నీ చేపలు ఊరికే పోయాయి."

చెల్లెలు కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. వెళ్లి అక్క పక్కన కూర్చుంది.