పాత విమానం మోకాళ్ళు

సంచి అడుగున రెండు చీరలు పెట్టి, వాటి మీద చుడీదార్లు సర్దింది జంపక్క. చింతకాయ పచ్చడి సీసా మాత్రం బయటే ఉంచింది. నూనె కారకుండా దానికి కాగితం చుట్టాలి. సంచి కోడలు యశోదది. అది రేపు బస్సెక్కుతుందో, మళ్ళీ విప్పి అలమారలో పెట్టాల్సి వస్తుందో ఇంకా తేలలేదు.

సంచి సర్దడమంటే జంపక్కకు భయం. తన చేత్తో సర్దిన సంచితోనే అక్క మణుగూరు కూలికి పోయింది. కబురొచ్చింది, మనిషి రాలేదు. అమ్మను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయినప్పుడూ సంచి సర్దింది తనే.

యశోద హైదరాబాదులో ఒక కంపెనీలో విమానం రెక్కల బొమ్మలు కంప్యూటర్ మీద గీస్తుంది. ఆ విమానం చేసే విదేశీ కంపెనీ, నలభై ఏళ్ళ నాటి నమూనాను పక్కన పెట్టి కొత్తది చేయాలా, పాతదానికే కొత్త ఇంజన్లు తగిలించాలా అని ఏడాదిగా తర్జనభర్జన పడుతోంది. కొత్తదైతే యశోద బృందానికి మూడేళ్ళ పని. పాతదే అయితే ఆ బృందమే ఉండదు. ఏదో ఒకటి తేలేదాకా అందరికీ సెలవిచ్చి పంపారు.

బూర్గంపాడులోని ఈ ఇంట్లో మాత్రం కొడుకు గణేష్ ముందే తేల్చేశాడు. "కొత్తదైతే పో. పాతదే ఉంచిన్రనుకో, సంచి విప్పుడే. అమ్మకు చాతనైతలేదు, ఇంట్ల పని ఎవరు చూస్తరు?"

అమ్మకు చాతకావడం లేదని కొడుక్కి కోడలి సంచి చూశాకే గుర్తొచ్చింది.

రాత్రి అన్నాల దగ్గర జంపక్క మొగుడు ముత్యాలు కూడా తన మాట అనేశాడు. "నలభై ఏండ్లు ఎగిరింది, ఇంకో ఇరవై ఎగరదా? పాతదానికేం రోగం?" అంటూనే మజ్జిగ కోసం భార్య వైపు గిన్నె చాపాడు. అడిగితే కదా రోగం చెప్పేది, అనుకుంది జంపక్క, నేల మీద చెయ్యి ఆన్చి లేస్తూ. ముప్పై ఏళ్ళ కిందట పక్క ఊరి బాలవాడిలో ఆయాగా తీసుకుంటామన్నప్పుడు ఈయన తన తల్లిని అడిగాడు, తండ్రిని అడిగాడు, పొలం గట్టు మీద ఎదురైనవాళ్ళనీ అడిగాడు. ఆమెనొక్కదాన్నే అడగలేదు.

అంట్ల దగ్గర యశోద అడిగింది. "నువ్వేమంటవ్ అత్తా? పాతదా, కొత్తదా?"

ఈ ఇంట్లో ఆమెను ఏమంటావని అడిగే మనిషి యశోద ఒక్కతే.

"దాని మోకాళ్ళు ఎట్లున్నయో చూసిన్రా ఎవరన్న?"

యశోద పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగింది. "అక్కడ్నే ఉంది అత్తా తిప్పలు. పాతదాని చక్రాల కాళ్ళు పొట్టివి. కొత్త ఇంజన్లు పెద్దవి, రెక్కకు కడితే నేలకు తగుల్తయ్. కాళ్ళు పొడుగు జేస్తే లోపలికి మడిచేందుకు జాగ లేదు. కానీ మొత్తం కొత్తగ గీసుడంటే ఖర్చు. ఉన్నదాన్నే సర్దుకొని నడిపిద్దమంటున్నరు." తర్వాత గొంతు తగ్గించింది. "పాతదే అన్నా గూడ సోమవారం ఆఫీసుల కనబడినోళ్ళను ఇంకో పనిల ఏస్తమన్నరు. రానోళ్ళ పేరు కొట్టేస్తరు. నీ కొడుక్కు చెప్తే ఏస్తరో ఎయ్యరో అంటడు."

తెల్లారి గణేష్ మొదటి షిఫ్టుకు సారపాక మిల్లుకు పోయాక పేపరొచ్చింది. ముత్యాలుకు కళ్ళలో శుక్లాలు. బెల్లం పొట్లాల కాగితాల మీద తనంతట తాను అక్షరాలు కూడబలుక్కున్న జంపక్కే రోజూ చదివి వినిపించాలి. రోజూ ఒకటే మాట ఆయనది. "చదువు. నడుమ నీ మాటలు కలపకు."

వ్యాపారం పేజీలో కింద, నాలుగు వరుసలు. పాత విమానానికే కొత్త ఇంజన్లు. కొత్త నమూనా ఆలోచన విరమణ.

వంటింట్లో యశోద రోట్లో వేస్తున్న దెబ్బలు ఆగిపోయాయి. ఉన్నది చదివితే చాలు, యశోద ఉండిపోతుంది. సాయంత్రాలు మాట్లాడే మనిషి ఉంటుంది. రేపటి నుంచి బిందె ఎత్తేది తను కాదు.

"ఏమే, మూగవోయినవా?"

"కొత్త విమానమే చేస్తరట," అని చదివింది జంపక్క.

"మళ్ళ చదువు."

"పాతదాని కాళ్ళు ఇంక బరువు మొయ్యలేవట. నలభై ఏండ్లు మోసింది చాలట. కొత్తదే చేస్తరట."

"పైసలెక్కువైనయ్ వాళ్ళకు," అని ముత్యాలు విసుక్కున్నాడు. "సరే, పోనీ. మరి వంటో?"

"నేనున్న కదా."

ఆ పేజీ చించి పచ్చడి సీసాకు రెండు చుట్లు చుట్టింది. సారపాకలో బస్సు మెట్ల దగ్గర యశోద చెయ్యి పట్టుకుంది. "అత్తా, నిజంగ గట్లనే రాసిండ్రా?"

"కాగితం హైదరాబాద్ల విప్పు బిడ్డా. సోమవారం జల్దీ పో."

తిరిగొచ్చేటప్పుడు దారిలో రెండుచోట్ల కూర్చుంది జంపక్క. మోకాళ్ళు మడత పడలేదు.

షిఫ్టు దిగొచ్చిన గణేష్ పేపరేదని అడిగాడు.

"పచ్చడి సీసకు చుట్టిన," అంది, అన్నం వడ్డిస్తూ.

యశోద రెండువేల ఎనిమిది ఫిబ్రవరి తొమ్మిదిన, శనివారం, పది గంటల బస్సుకు వెళ్ళింది. హైదరాబాదులోనే ఇంకో పనిలో కుదురుకుంది. ఈ ఇంటికి మళ్ళీ రాలేదు.