నది పారిన చొక్కా చెయ్యి

పటాల అచ్చాఫీసులో నా పని మడతలు వేయడం. గోడంత పటాన్ని జేబులో పట్టేలా మడిచేవాణ్ణి. ఒకసారి మరీ చిన్నగా మడిచేసరికి చీమ ఎత్తుకుపోయింది. వెతుక్కుంటూ పోతే, పుట్టలో చీమలన్నీ దాన్ని పరుచుకుని దారులు చూసుకుంటున్నాయి.

ఈ మాట చెప్పగానే మా మనవరాలు కలం మూసేసింది.

"తాతయ్యా, నాకు నిజాలు కావాలి."

"చీమ ఎత్తుకుపోయింది నిజమేనే. పుట్ట సంగతే కాస్త పెంచాను."

దాని కోపానికి కారణం ఉంది. పటాల ప్రచురణ చరిత్ర మీద పరిశోధనకి యూనివర్సిటీ వాళ్లు ఒక్క పీహెచ్‌డీ సీటు ప్రకటించారు. సోమవారం ఇంటర్వ్యూ. ఎవరూ చూడని పాత ముద్రణలు సొంతంగా సంపాదించి చూపించాలట. తాత పనిచేసిన అచ్చాఫీసు ఉందిగా, పటాలకేం కొదవ అనుకుని, ఈ పిల్ల చేస్తున్న ఉద్యోగం కూడా మానేసి కూర్చుంది. వెనక్కి పోదామన్నా ఆ కుర్చీలో అప్పటికే ఇంకెవరో కూర్చున్నారు.

శనివారం పొద్దున్నే అచ్చాఫీసుకి తీసుకెళ్లాను. మా యజమానిని పనివాళ్లందరం 'కొత్త ముద్రణ' అనేవాళ్లం. ఆయన నోట ఎప్పుడూ అదే మాట.

"పాత పటమా?" కుళ్లిన కూరగాయలు అడిగినట్టు ముఖం పెట్టాడు. "అమ్మాయీ, మేం సరైన పటాలు అమ్ముతాం. పాతదంటే తప్పుది. కొత్త ముద్రణ రాగానే పాతవి చించెయ్యడం మా నాన్నగారి నాటి కట్టుబాటు."

"ఒక్కటైనా దాచలేదా అండీ?"

"దాస్తే ఎవడో ఒకడు పొరపాటున అమ్ముతాడు. కొన్నవాడు లేని వంతెన మీదికి లారీ తోలి, ఆనక వచ్చి నా పీక పట్టుకుంటాడు."

"మరి మీ సంస్థ చరిత్ర?"

"ఇదిగో, ఈ నెలదే. ఇంకా తడి ఆరలేదు, చెయ్యి పెట్టకు."

వీధిలోకి రాగానే పిల్ల భగ్గుమంది. "చరిత్రంతా చించేసి ఎంత తీరిగ్గా చెబుతున్నాడో చూశావా!"

"చించడం ఆయన వంతు, మొయ్యడం నా వంతు. వెనకవైపు తెల్లటి కాయితం పారెయ్యడానికి మనసొప్పక, మీ ఇంటికి పట్టుకుపో అనేవాడు."

అది నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకొచ్చే సైకిలువాడు ఇద్దర్నీ కలిపి తిట్టి పోయాడు.

"ఇంటికా? ఇన్నాళ్లూ చీమల కథ చెప్పి, ఇదా ఇప్పుడు చెప్పడం!"

"నువ్వు పటాలు అడిగావు. ఇంటికొచ్చాక అవి పటాలు కావుగా."

అవి ఏమయ్యాయో ఇంటికి తీసుకొచ్చి చూపించాను, మా ఆవిడ కుట్టుమిషను వెనక మేకుకి వేలాడుతున్నాయి. చొక్కా చేతులు, కాలర్లు, జేబులు, గౌను ముందుభాగాలు, అన్నీ బట్ట కత్తిరించడానికి చేసుకున్న కాయితం నమూనాలు. తెల్లవైపు మా ఆవిడ నీలి సిరాతో గీసుకున్న గీతలు, కొలతలు, రెండోవైపు ఊళ్లు, రోడ్లు, నదులు. పిల్ల ఆ కట్ట తిరగేసి కేక పెట్టింది.

"అమ్మమ్మా! ఈ కాలరు మీద ఎప్పుడో ఎత్తేసిన రైలు దారి ఉంది!"

"ఉంటే ఉండనీ. లావు మెడ అది, నలపకు."

"ఇవన్నీ నాకిచ్చెయ్యి."

"ఇచ్చేసి నేను దేంతో కత్తిరించను, నీ థీసిస్‌తోనా? ఈ పేటలో సగం మంది ఒళ్లు ఆ మేకుకే వేలాడుతోంది."

పిల్ల బతిమాలింది. అలిగింది. "ఏవండీ, మీరైనా చెప్పండి దానికి" అని మా ఆవిడ, "తాతయ్యా, నువ్వైనా చెప్పు" అని ఇది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి మా ఆవిడ దిగొచ్చింది, అదీ ఓ షరతు మీద.

"ఒక్కోదానికీ కొత్త కాయితం మీద నకలు గీసిపెట్టు. లావువాళ్లకి అంచు, సన్నవాళ్లకి లోపలి నీలి గీత. రెండూ పడాలి. ఆ తర్వాత ఎక్కడికైనా మోసుకుపో."

ఆదివారమంతా పిల్ల కిటికీ అద్దానికి కాయితాలు ఆనించి, వెలుతురులో గీస్తూ కూర్చుంది. "పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే దర్జీ పని తగులుకుంది" అని గొణుగుడు. మధ్యమధ్య పెన్సిలు మరిచిపోయి ఊళ్ల పేర్లు చదువుకోవడం, అమ్మమ్మ దగ్గితే మళ్లీ గీయడం.

"గీసినవి మడతపెట్టనా?" అన్నాను.

"వద్దు తాతయ్యా! దేన్నీ మడవకు!"

జీవితమంతా మడిచినవాణ్ణి, నా ఇంట్లో నాకు ఆ యోగం లేకపోయింది.

సోమవారం సాయంత్రం చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. ప్రొఫెసర్లు ముక్కలన్నీ బల్ల మీద పరిచి, దేశం పటంగా కలపాలని చూశారట.

"ఎంత జరిపినా దేశం కాలేదు తాతయ్యా, చొక్కా అయింది. ఒకాయన, పటాల ప్రచురణకీ దర్జీ పనికీ సంబంధం ఏమిటమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అచ్చేసినవాళ్లు దాచుకోలేదండీ, కుట్టేవాళ్లు దాచారు, వాళ్లనీ నా పరిశోధనలో కలపాల్సిందే అన్నాను."

"అంటే ఏమన్నారు?"

"సీటిచ్చారు," అంది, ఇంకా కోపంగానే. "కాయితాలు మాత్రం లైబ్రరీలో గాజు కింద పెడతారట."

"పోనీలే, నకళ్లున్నాయిగా," అంది మా ఆవిడ.

లైబ్రరీలో వాటిని చూడ్డానికి వెళ్లేటప్పుడు తొడుక్కోమని నాకో చొక్కా కుట్టింది. నేను సన్నం కనక నీలి గీత కొలత. తొడుక్కుని చూస్తే ఎడమ చెయ్యి కుట్టు భుజం నుంచి మోచేతి దాకా మెలికలు తిరుగుతూ పోయింది.

మా ఆవిడ నకలు తెచ్చి పిల్ల ముందు పడేసింది. అది చూసి తల పట్టుకుంది.

"అమ్మమ్మా... ఇది నీ గీత కాదు. వెనకవైపు నుంచి కనిపించిన నది."

"ఊరి కొలతల్లోకి నదిని ఎందుకు వదిలావే!"

"అదీ నీలమే, ఇదీ నీలమే! నేనేం చెయ్యను!"

వాళ్లిద్దరూ తేల్చుకునేలోగా ఆ చొక్కాతోనే లైబ్రరీకి వెళ్లొచ్చాను. ఇప్పటికీ అదే తొడుక్కుంటున్నాను. వానలు పడితే ఎడమ చెయ్యి కాస్త ఉబ్బుతుంది. మొన్న మోచేతి దగ్గర చేప తగిలింది. థీసిస్‌లో రాసుకోవే అన్నాను.

"ఏ ముద్రణలో నది తాతయ్యా?" అంది పళ్లు కొరుకుతూ.