పంగ్లిమాను పెంచిన చేతులు

ఏడో నెల కడుపుతో మోకాళ్ళ మీద వంగి పిల్లి ఇసుకలోంచి పెంట ఏరడం నా పొద్దుటి పని. కడుపుతో ఉన్నవాళ్ళు అది ముట్టుకోకూడదని, బిడ్డకు ప్రమాదమని ఆసుపత్రిలో నర్సు మా ఆయన ఫిర్దౌస్ ముందే చెప్పింది. అక్కడ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక, "చేతికి తొడుగులు కొనిచ్చాను కదా సూ, ఇంకేంటి నీ బాధ?" అన్నాడు. ఆహా, ఎంత త్యాగం!

పిల్లి ఆయనదే. కళ్ళు సరిగా తెరవని కూనగా ఉన్నప్పుడు తెచ్చుకుని, మా మలయ్ భాషలో సేనాపతి అని అర్థం వచ్చేలా పంగ్లిమా అని పేరు పెట్టుకున్నాడు. దానితో ఆయన ఆడే ఆట ఒకటే. వట్టి చేతిని దాని మొహం మీద ఆడించి, పొట్టలో పొడిచి, తోక లాగి రెచ్చగొట్టడం, అది చెయ్యి కొరికితే పకపకా నవ్వడం, ఆ వీడియో స్నేహితులకు పంపడం. ఇప్పుడు దానికి చెయ్యి కనిపిస్తే చాలు, పగ. తిండి పెట్టే చెయ్యయినా ఒకటే. నా ముంజేతుల నిండా గాట్లే. నేను పనిచేసే బడి వంటశాలలో ఒకావిడ పక్కకు పిలిచి, "మీ ఆయన కొడతాడా?" అని అడిగింది. కాదు, పిల్లి అన్నాను. నమ్మినట్టు లేదు.

పుట్టబోయే బిడ్డకూ చేతులుంటాయి కదా, ఊరికే గుప్పిళ్ళు ఆడిస్తుంది కదా! అందుకే నేనే పూనుకున్నాను. పుల్లకు తాడు కట్టి దానితో ఆడించాను. కొరకబోతే ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాను. ఉయ్యాల వేసే గదికి వల తలుపు పెట్టించాను. కొన్ని వారాలకు పంగ్లిమా నా పాదాల పక్కన పడుకోసాగింది. పిల్లి నేర్చుకుంది గానీ మనిషి నేర్చుకోలేదు. "అబాంగ్" అని ఆయన్ని పిలిచి, "చేత్తో ఆడించకండి" అని బతిమాలితే, "నీకన్నీ భయాలే! మగపిల్లి అన్నాక ఆ మాత్రం పౌరుషం ఉండొద్దూ?" అనేవాడు.

మొన్న అలాగే రెచ్చగొడుతుంటే అది ఆయన బొటనవేలు కసుక్కున కొరికేసింది. నవ్వు ఆగిపోయింది. లేచి ఒక్క తన్ను తన్నాడు. పిల్లి గోడకు కొట్టుకుని కుంటుకుంటూ బీరువా కిందికి దూరింది.

"రేపే దీన్ని గోనెలో వేసి చేపల బజారులో వదిలేస్తా" అన్నాడు.

అత్తగారు పసుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నువ్వొద్దు నాయనా! పెళ్ళాం కడుపుతో ఉండగా తండ్రి మూగజీవిని ఏడిపిస్తే ఆ ఉసురు బిడ్డకు తగులుతుంది. సూ, నీ ఏడో నెల వేడుక అయ్యాక నువ్వెళ్ళి వదిలేసి రా."

బిడ్డ నా కడుపులో, దోషమేమో ఆయన చేస్తేనేనట! నేను చేస్తే అది ఇంటిపని. ఆ తన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అని ఊరికే అన్నారా?

నిన్న నా పొట్ట ఊపే వేడుక జరిగింది. తొలిచూలు వేడుకా, పురుడూ మా కోటబారు ఊళ్ళో ఆడపిల్ల పుట్టింట్లోనే చేస్తారు. "మా వంశం మా ఇంట్లోనే కళ్ళు తెరవాలి" అని అత్తగారు కాదంది. మా అమ్మ చుట్టంలా వచ్చి ఓ మూల కూర్చుంది. రంగుల బట్టలు పరిచి, నన్ను పడుకోబెట్టి, మంత్రసాని తోక్ సెమెక్ నా పొట్ట మీద నుంచి కొబ్బరికాయ దొర్లించింది. కాయ కళ్ళు పైకి పడ్డాయి. "మగపిల్లాడే!" అని అందరూ కేకలు.

అప్పుడు తోక్ ఆనవాయితీ ప్రకారం అడిగింది. "ఈ నెలల్లో మొగుడూ పెళ్ళాం ఏ జీవినైనా నొప్పించారా? నొప్పిస్తే ఇప్పుడే చెప్పి తప్పు ఒప్పుకోండి."

"అయ్యో, మావాడు చీమకైనా అపకారం తలపెట్టడు" అంది అత్తగారు.

ఫిర్దౌస్ కట్టు కట్టిన వేలిని లుంగీ మడతలో దాచుకున్నాడు. పెరట్లో గంప కింద మూసిపెట్టిన పిల్లి మూలుగుతోంది. అందరికీ వినిపిస్తూనే ఉంది.

లేచి కూర్చున్నాను. "తన్నాడు తోక్. అది కుంటుతోంది. రేపు నా చేతే బజారులో పారేయిస్తారట."

"ఛీ! ఇంతమందిలో మొగుడి పరువు తీస్తావా?" అని అరిచింది అత్తగారు.

"వట్టి పిల్లి కోసం ఇంత రాద్ధాంతమా!" అన్నాడు ఫిర్దౌస్. "మన బిడ్డ కోసమే కదా దాన్ని పంపించేద్దామన్నాను?"

ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. మా అమ్మ వైపు తిరిగాను. "అమ్మా, పద. పురుడు మనింట్లోనే. పిల్లి కూడా మనతోనే వస్తుంది."

అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది. "కన్నతండ్రి ఇక్కడుండగా నా మనవణ్ణి ఎక్కడికి తీసుకుపోతావే?"

"మీ అబ్బాయి పెంచిన ప్రాణి ఒకటి పెరట్లో మూలుగుతోంది మక్" అన్నాను అత్తగారితో. "రెండోదాన్ని ఆయన చేతికి ఇవ్వను."