సౌష్ఠవం తీసేస్తే

మా తమ్ముడిని ల్యాబ్‌లో అందరూ కొసలబాబు అంటారు. ఎప్పుడు చూసినా గొలుసు కొసల గోలే మరి. గొలుసంటే మెళ్లో వేసుకునేది కాదు, వరుసగా పేర్చిన అణువులు. మధ్యలోవన్నీ జతలు కట్టేసుకుంటే, రెండు కొసల్లో చెరో సగం స్పిన్, అంటే అణువులో ఉండే బుల్లి అయస్కాంతం లాంటిది, ఒంటరిగా మిగిలిపోతుంది. సౌష్ఠవం, అంటే ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉండే పొందిక, చెడనంతవరకూ దాన్ని ఎవరూ చెరపలేరు. అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా గుంజుకున్నా ఆ కొసలు చెక్కుచెదరవని వీడు కంప్యూటర్లో లెక్కగట్టి తేల్చాడు. సెమినార్లో అది నెగ్గితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే. ల్యాబ్ నడిపే పెద్దసారు ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేశారు.

ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునేది నేను. మధ్యాహ్నం సెమినార్ అనగా, పొద్దున వాడి ప్రోగ్రాం తెరిచాను. వెంటనే వాడిని పిలిచాను.

"ఒరేయ్, సౌష్ఠవం ఉన్న స్థితుల్నే వెతకమన్నావేంట్రా?"

"లేకపోతే ఆ డొక్కు మిషన్ మీద వారాలు పడుతుందక్కా. అందరూ అలాగే చేస్తారు."

"చేస్తారు, తర్వాత ఆ షరతు తీసేసి ఇంకోసారి చూసుకుంటారు. గుంజులాట పెరిగితే గొలుసే తనంతట తాను సౌష్ఠవాన్ని చెడగొట్టుకోవచ్చు. నువ్వు దానికి ఆ సందే ఇవ్వలేదు. గదికి తాళం వేసి, లోపలివాళ్లు బయటికి రాలేదంటే ఎలారా?"

గుంజులాట బాగా ఎక్కువున్న ఒక్కచోట మాత్రం షరతు తీసేసి మళ్లీ నడిపించాను. కొసల్లో ఏమీ మిగల్లేదు.

"చెప్పెయ్‌రా," అన్నాను.

"ఎవడడుగుతాడక్కా," అన్నాడు.

అడిగింది పెద్దసారే. సెమినార్ చివర్లో, కళ్లజోడు తుడుచుకుంటూ. "సౌష్ఠవం తీసేసి చూశావా?"

వాడు, ఛీ, ఎంత పని చేశాడో చూడండి, వెనక వరసలో ఉన్న నా వైపు చెయ్యి చూపించాడు. "అది మా అక్క నడిపింది సార్. తనే చెప్తుంది."

అందరూ నావైపు తిరిగారు. వాడు గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. కొసలు నిలిచాయని ఒక్క మాట అనేస్తే గొడవే లేదు.

"చూశాం సార్. నిలవలేదు," అన్నాను.

పెద్దసారు కళ్లజోడు పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

మెట్ల దగ్గర వాడు నన్ను ఆపాడు. "ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదే అక్కా?"

నా సొమ్మేం పోయేది కాదు. మర్నాడు ల్యాబ్ కంప్యూటర్లలోంచి వాడి అకౌంటు తీసేయమని పైనుంచి చెప్పారు. ఆ పని నాదే. ఏడుస్తూనే తీసేశాను.