డాక్టరుగారు పట్టుకోని చెయ్యి

డాక్టరుగారి సంస్మరణ కూటానికి ఆయన భార్యను తీసుకొచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టారు. ఇన్నేళ్లూ ఆవిడ చోటు వెనక వరుసలో, కిటికీ పక్కన. ముందు కూర్చోవడం ఆవిడకు కొత్తచెప్పుల్లా ఇబ్బందిగా ఉంది. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో! చర్చి అంతా నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపిస్తోంది. రంగు అద్దాల్లోంచి దిగిన ఎండ నేల మీద నీలంగా, ఎర్రగా పాకుతోంది. మాటలు పక్కింట్లోంచి వస్తున్నట్టున్నాయి.

పాస్టరుగారు వంగి మెల్లగా అడిగారు. "చివర్లో మీరు కూడా రెండు మాటలు చెప్పాలమ్మా."

"నేనేం చెప్తానండీ, అందరూ చెప్పేస్తుంటేనూ!"

మొహమాటపడి అన్న మాట కాదది. ఆయన గురించి తనకొక్కదానికే తెలిసిన సంగతి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆవిడకు కావాలి. పొద్దున్నుంచీ వెతుక్కుంటోంది, దొరకడం లేదు. అంతా ఊరిదే అయిపోయింది. ఏమీ దొరక్కపోతే ఇంటికెళ్లి ఎవరిని తలచుకుని ఏడవాలి? అందరి డాక్టరుగారినా?

భాష కూడా సరిగ్గా రాని దేశంలో దిగి, పేరు తెచ్చుకుని, ఉద్యోగ విరమణ అయ్యాక ఆయన ఈ చర్చికే అంకితమైపోయాడు. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి కిటికీలు తెరిచేది ఆయనే, కుర్చీలు సర్దేది ఆయనే. ప్రార్థన అయ్యాక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని "సమాధానం కలుగుగాక" అని శాంతి కోరుకునే వేళ మరీనూ. పసివాళ్లను కూడా వదలకుండా అందరి దగ్గరికీ వెళ్లేవాడు. పట్టిన చెయ్యి ఓ పట్టాన వదిలేవాడు కాదు. ఎందుకంటే చూపుడువేలు మెల్లగా మణికట్టు మీదికి జారేది. నాడి చూసేవాడు. దేవుడి సన్నిధిలో దొంగవైద్యమన్నమాట!

ఇప్పుడు ఒక్కొక్కరూ మైకు దగ్గరికొచ్చి ఆ చెయ్యి గురించే చెబుతున్నారు.

"నా చెయ్యి పట్టుకుని, 'పద, బయట టీ తాగుదాం' అన్నారండీ," అన్నాడు బస్సు డ్రైవరు. "టీ లేదు, గీ లేదు. కారెక్కించి తీసుకెళ్లి ఆసుపత్రిలో పడేశారు. ఆ రోజే గుండె ఆపరేషను. ఆ టీ బాకీ ఇంకా అలాగే ఉంది."

అందరూ నవ్వారు. బట్టలు కుట్టే ఆవిడ ఏడ్చింది. పాస్టరుగారు, అంటురోగం వార్డులోకి మిగతావాళ్లు అడుగు పెట్టడానికి జంకిన రోజుల్లో డాక్టరుగారు చిరునవ్వుతో వెళ్లొచ్చేవారనీ, అంత ధైర్యవంతుణ్ణి తానింతవరకు చూడలేదనీ చెప్పారు.

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతిని మాత్రం ఆయన చర్చిలో ఏనాడూ పట్టుకోలేదు. చుట్టూ తిరిగి తిరిగి, పాట మొదలయ్యే వేళకు వచ్చి పక్కన నిలబడి, తల ఊపేవాడు. అంతే! ఇంట్లోనూ అదే తంతు. తలనొప్పన్నా, జ్వరమన్నా, నాలుగు వీధులవతల ఉన్న డాక్టరమ్మ దగ్గర దింపేసి వెళ్లిపోయేవాడు. ఆవిడ మందులు తీసుకుని బస్సెక్కి ఇంటికొచ్చేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ పెరటి చెట్టు ఊరందరికీ మందే, ఇంటావిడకే కాదు. ఎన్నోసార్లు అడుగుదామనుకుంది. అడిగితే ఏం జవాబు వస్తుందోనని మింగేసింది.

మధ్యలో పాట అందుకున్నారు. పాట తేలికగా పైకి లేచి దూలాల చుట్టూ తిరుగుతోంది. ఆవిడ కళ్లు మూతలు పడుతుంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మ. ఆవిడకూ జుట్టంతా తెల్లబడిపోయింది.

"వదినగారూ, అన్నయ్య ఉన్నన్నాళ్లూ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. ఇక చెప్తాను. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం మీరు జ్వరంతో ఒళ్లెరక్కుండా పడున్నారు, గుర్తుందా?"

"కలలా ఉంది."

"ఆ రోజు మీ నాడి చూశాడట. ఒకసారి ఒక లెక్క, ఇంకోసారి ఇంకో లెక్క. వేళ్ల కింద కొట్టుకునేది మీ గుండో, తన గుండో తెలియలేదట. చెప్పుల్లేకుండా మంచులో పరిగెత్తుకొచ్చి నా తలుపు బాదాడు. మీరు తేరుకున్నాక ఏమన్నాడో తెలుసా? 'చెల్లెమ్మా, మీ వదిన చెయ్యి పట్టుకుంటే నేను చదివిందంతా మర్చిపోతాను. ఇకనుంచి నువ్వే చూడు.'"

"మరి నన్ను మీ గుమ్మం ముందు దింపేసి పోయేవాడు కదా!"

"ఎక్కడికి పోయేవాడు? సందు మలుపులో కారు ఆపుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చునేవాడు. మిమ్మల్ని చూడటం అయ్యాక నేను కిటికీ తెర పైకి లాగాలి. అంటే భయం లేదని గుర్తు. అప్పుడు కదిలేవాడు. తన మొహం చూస్తే మీరు బెదిరిపోతారని బస్సులో వెళ్లనిచ్చేవాడు."

"అయ్యో అయ్యో, అందుకని ఇన్నేళ్లూ నన్ను బస్సుల్లో తిప్పాడా ఆ మనిషి!"

ఆవిడ గొంతు పెద్దదైంది. పాడేవాళ్లిద్దరు తిరిగి చూశారు. పోయిన మొగుడి మీద అంత కోపం ఎందుకొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

"పోనీ ఇక్కడ? నా చెయ్యి పట్టుకుని 'సమాధానం కలుగుగాక' అనడానికేం పోయె?"

"నేనూ అడిగాను వదినా. 'పట్టుకుంటే వేళ్లు వాటంతటవే లెక్కపెట్టేస్తాయి. ఏదైనా తేడా తగిలితే అందరిలో ఎలా నిలబడను?' అన్నాడు."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఆయన పోయిన నాటినుంచి రాని ఏడుపు, ముక్కు చీదుకోవడానికి కూడా తీరిక ఇవ్వకుండా వచ్చింది. డాక్టరమ్మ రుమాలు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది.

పాట అయిపోయింది. పాస్టరుగారు మైకు పట్టుకుని, పిలవాలా వద్దా అన్నట్టు ఆవిడ వైపు చూశారు. పిలవకముందే ఆవిడ లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని, నడిచి వెళ్లి మైకు అందుకుంది.

"మా ఆయన గొప్ప ధైర్యవంతుడని ఇందాకటినుంచి అందరూ చెప్తున్నారు. అదేం లేదండీ. ఆయన వట్టి పిరికివాడు."

ఆవిడ మైకు నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"దేనికి భయపడేవాడో మాత్రం మీకు చెప్పను," అంది ఆవిడ. "అది నాది."